ఎముకను చూపే మట్టే కాలు జారుస్తుంది

అల్బర్టా కాన్యన్లలోకి పిల్లలతో నడిచే ముందు తెలుసుకోవలసిన నేల సంగతి, ఒంటి సంగతి

2020 వేసవిలో కాల్గరీకి చెందిన పన్నెండేళ్ళ అబ్బాయి ఒకడు తండ్రితో కలిసి డ్రమ్‌హెల్లర్ దగ్గరి హార్స్‌షూ కాన్యన్‌లోకి నడకకు వెళ్ళాడు. నేచర్ కన్జర్వెన్సీ ఆఫ్ కెనడా సంరక్షణలో ఉన్న భూమి అది. అంతకు ముందు ఏడాది ఆ తండ్రీకొడుకులు అక్కడే ఒక గుట్ట కింద చిన్న చిన్న ఎముక ముక్కలు చూశారు. పైనుంచి రాలి ఉంటాయనుకున్నారు. ఈసారి గుట్ట ఎక్కి చూస్తే మట్టిలోంచి పొడుచుకొచ్చిన ఎముక కనిపించింది. ఫొటోలు తీసి, చోటు వివరాలతో రాయల్ టిరెల్ మ్యూజియంకు పంపారు. అది హాడ్రోసార్ అనే బాతుమూతి డైనోసార్ పిల్లదని, ముందుకాలి పైఎముక అని అక్కడి శాస్త్రజ్ఞులు తేల్చారు. తవ్వితే అదే జంతువువి 30 నుంచి 50 ఎముకల దాకా బయటపడ్డాయి. చచ్చిపోయేనాటికి దాని వయసు మూడు నాలుగేళ్ళు. అది దొరికిన పొర వయసు సుమారు 6 కోట్ల 90 లక్షల ఏళ్ళు.

శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా గాలిస్తున్న ప్రాంతం ఇది. మ్యూజియం నుంచి కారులో అరగంట కూడా పట్టదు. అలాంటి చోట ఈ ఎముక ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదెందుకు? ఎవరూ సరిగ్గా చూడక కాదు. మొన్నమొన్నటిదాకా అది మట్టి లోపలే ఉంది. ఈ లోయ ప్రతి వానకూ కొంచెం కరుగుతుంది, ప్రతి ఏడూ కొత్త ముఖం బయటపెడుతుంది. అందుకే పోయినేడు లేనిది ఈ ఏడు కనిపిస్తుంది. అందుకే పిల్లలకు ఇంతకన్నా మంచి బడి మరొకటి ఉండదని నేననుకుంటాను.

అయితే ఎముకను బయటికి తెచ్చిన ఆ గుణాలే మన కాళ్ళ కిందా ఉన్నాయి. తడిస్తే ఉబ్బే బంకమట్టి, అరుదుగా వచ్చి ఒక్కసారిగా దంచే వాన, చెట్టు నీడ లేని ఎండ. కాల్గరీ, ఎడ్మంటన్ తెలుగు కుటుంబాలు వేసవి వచ్చిందంటే పులిహోర, పెరుగన్నం కట్టుకుని, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మనూ తాతయ్యనూ వెంటబెట్టుకుని ఇటే బయలుదేరుతాయి. మట్టి, వాన, ఎండ ఈ మూడూ ఎలా పనిచేస్తాయో తెలిస్తే, ఏ వేళకు దిగాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో వాటంతటవే తెలుస్తాయి.

చదును నేల కింద దాగిన లోయ

కాల్గరీ నుంచి డ్రమ్‌హెల్లర్ ఈశాన్యంగా దాదాపు 135 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. దారి పొడవునా గోధుమ చేలు, పసుపుపచ్చగా పూసిన కనోలా చేలు. ఊరు ఇంకా పదిహేడు కిలోమీటర్లుందనగా తొమ్మిదో నంబరు రోడ్డు పక్కన ఉన్నట్టుండి నేల కిందికి దిగిపోతుంది. అదే హార్స్‌షూ కాన్యన్. తలెత్తి చూసే కొండలు కావివి. చేను గట్టున నిలబడి కిందికి చూడాలి. బూడిద రంగు, గోధుమ రంగు, నలుపు చారలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి.

గండికోట చూసినవాళ్ళకు లోయ అనగానే పెన్న ఒరుసుకుని పారే నిటారు గోడలు గుర్తొస్తాయి. అక్కడి రాయి వంద కోట్ల ఏళ్ళకు పైబడినది, బాగా గట్టిది. నది కోసినంత మేర తెగింది, మిగతాది నిలబడింది. డ్రమ్‌హెల్లర్ రాయి దాని ముందు పసిది, మెత్తనిది. ఏడు కోట్ల ఏళ్ళ కిందట ఉత్తర అమెరికా నడుమ లోతు తక్కువ సముద్రం ఒకటి ఉండేది. ఈ ప్రాంతం దాని ఒడ్డు. పడమట లేస్తున్న పర్వతాల నుంచి నదులు ఇసుకనూ ఒండ్రునూ మోసుకొచ్చి పోసేవి. చిత్తడి అడవులు ఆ మట్టి కింద కూరుకుపోయి బొగ్గుగా మారాయి. ఇప్పుడు గోడల మీద కనిపించే నల్ల చారలు అవే. 1911 నుంచి ఈ లోయలో బొగ్గు గనులు నడిచాయి. అందులో ఒకటైన అట్లాస్ గని ఇప్పుడు చారిత్రక స్థలంగా సందర్శకులకు తెరిచి ఉంది.

బొగ్గు కోసమే 1884లో కెనడా భూగర్భ సర్వే తరఫున జోసెఫ్ బర్ టిరెల్ అనే పాతికేళ్ళ యువకుడు ఇటు వచ్చాడు. అతనికి బొగ్గుతో పాటు ఒక భయంకరమైన పుర్రె దొరికింది. 1905లో ఆ జంతువుకు అల్బర్టోసారస్ అని పేరు పెట్టారు. అల్బర్టా ఒక ప్రావిన్స్‌గా ఏర్పడింది కూడా ఆ ఏడే. అయితే ఈ ఎముకలను మొదట గుర్తించింది టిరెల్ కాదు. అంతకు ముందే ఇక్కడి పీకానీ ప్రజలు ఇలాంటి పెద్ద ఎముకలను చూపి, ఇవి అడవిదున్నల తాతవి అని చెప్పేవారు. ఎముకను చూసి జంతువును ఊహించడమంటే అది శాస్త్రానికి తొలి మెట్టే కదా.

ఇంతకీ ఈ పొరలను ఎవరు కోసి మనకు చూపించారు? దాదాపు పదిహేను వేల ఏళ్ళ కిందటి దాకా అల్బర్టా మీద పెద్ద మంచుపలక పరుచుకుని ఉంది. అది కరిగి వెనక్కి తగ్గుతున్నప్పుడు నీళ్ళు మహా ప్రవాహాలై పరుగెత్తాయి. డ్రమ్‌హెల్లర్ ఊరున్న ఇప్పటి రెడ్ డీర్ నది లోయలో ఎక్కువ భాగాన్ని తొలిచింది ఆ నీరే. ఇప్పుడు అడుగున పారుతున్న నది అంత పెద్ద లోయకు చాలా చిన్నది. ఒడ్డున నిలబడి పిల్లలకు నదినీ చూపించండి, లోయ వెడల్పునూ చూపించండి. ఈ నది ఇంత పని చేయగలదా అని అడగండి. సమాధానం వాళ్ళే వెతుక్కుంటారు.

నల్లరేగడికి దూరపు చుట్టం

లోయ అడుగుకు చేరాక వంగి చూస్తే గుట్టల ఒంటి మీద బూడిద రంగు గుల్లలు గుల్లలుగా పొంగి ఎండిన పెళ్ళలు కనిపిస్తాయి. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతాయి. దీన్ని ఇక్కడి గైడ్లు పాప్‌కార్న్ మట్టి అంటారు. అసలు పేరు బెంటొనైట్. ఆ రోజుల్లో పడమటి అగ్నిపర్వతాలు వెదజల్లిన బూడిద నీళ్ళలో పడి, కోట్ల ఏళ్ళలో మారి ఈ బంకమట్టి అయింది.

దాని గుణం పిల్లలకు ఒక మూత నీళ్ళతో చూపించవచ్చు. సీసా మూతలో నీళ్ళు పట్టి ఒక పెళ్ళ మీద మెల్లగా వొంపండి. మొదట నీరు పగుళ్ళలోకి జారిపోతుంది. క్షణాల్లో రంగు ముదురుతుంది. ఇంకాసేపటికి పగుళ్ళ అంచులు ఉబ్బి ఒకదానినొకటి తాకి మూసుకుపోతాయి. ఇప్పుడు ఇంకో మూత నీళ్ళు పోస్తే అవి లోపలికి దిగవు, పై పైనే జారిపోతాయి. వేలు పెట్టి చూస్తే నూనె రాసినట్టుంటుంది.

ఎందుకిలా? ఈ మట్టి రేణువులు మనం అనుకునేట్టు గుండ్రటి గింజలు కావు. కంటికి కనిపించనంత పల్చటి రేకులు, పేక ముక్కల కట్టలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నీళ్ళు తగిలితే ముక్క ముక్కకూ మధ్య దూరిపోతాయి. కట్ట మందం పెరుగుతుంది, అదే ఉబ్బు. ముక్కల మధ్య నీటి పొర ఉంది కాబట్టి ఒకదాని మీద ఒకటి సులువుగా జారతాయి, అదే జారుడు. ఎండ కాస్తే నీళ్ళు ఆవిరై కట్ట ముడుచుకుంటుంది, నేల బీటలు వారుతుంది.

కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఈ మాటలు కొత్త కావు. ఎండాకాలంలో నెర్రెలిచ్చి, తొలకరికి చెప్పుల అడుగున చెయ్యంత మందాన అతుక్కునే నల్లరేగడిలో ఉండేదీ ఇదే జాతి మట్టి ఖనిజం. మన రేగడి నల్లరాతి కొండలు అరిగి వచ్చినది, ఇక్కడిది బూడిద నుంచి వచ్చినది. పుట్టుక వేరైనా గుణం ఒకటే. తాతయ్యలు వెంట ఉంటే ఈ పాఠం వాళ్ళ చేత చెప్పించండి. వానలో రేగడి చేను దాటడం ఎంత కష్టమో వాళ్ళకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు.

మూత నీళ్ళ ప్రయోగంలో కనిపించిందే లోయ అంతటా జరుగుతుంది. వాన మొదలైన కాసేపటికే పై పొర ఉబ్బి మూసుకుంటుంది. ఆ తరువాత పడ్డ ప్రతి చుక్కా పైనుంచే పారుతుంది, పారుతూ కొంత మట్టిని ఎత్తుకుపోతుంది. గుట్టల మీద వేళ్ళతో గీసినట్టున్న సన్నకాలువలన్నీ ఇలా ఏర్పడ్డవే. నీళ్ళు లోపలికి దిగవు, పై మట్టి నిలవదు, ఇక మొక్క వేరు పట్టేదెక్కడ? మొక్క లేదు కాబట్టి వచ్చే వానకు ఇంకాస్త మట్టి పోతుంది. ఇలా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గుట్ట కరుగుతుంటే లోపలి ఎముక ఒకనాటికి తల బయటపెడుతుంది.

నడిచేవాళ్ళకు దీని అర్థం ఇది. పొడిగా ఉన్నప్పుడు వాలు మీది గుల్ల పెళ్ళలు పాదం కింద గింజల్లా దొర్లుతాయి. తడిసినప్పుడు అదే వాలు మీద నిలబడటమే కష్టం. పిల్లలకు కాళ్ళు పొట్టి, దిగుడులో వేగం ఆపుకునే బలం తక్కువ, అందుకే వాళ్ళు నడవరు, పరుగెత్తుతారు. కాబట్టి గుట్టల వాలు వదిలి, నలిగిన బాట మీదే నడిపించాలి. రాత్రి వాన పడిందంటే ఉదయం ఎండ ఎంత బాగున్నా లోయ అడుగుకు దిగకండి. అంచున నిలబడి చూసి రండి.

ఈ మట్టిది ఇంకో గుణం ఉంది, అది అంతగా ఎవరూ చెప్పరు. ఎండకు పడ్డ బీటలు మూసుకునేలోపే వాన నీరు వాటిలోంచి కిందికి దూరి, లోపల్లోపల సొరంగాలు తొలుస్తుంది. పైన నేల గట్టిగానే కనిపిస్తుంది, కింద డొల్ల. కొన్నిచోట్ల పైకప్పు కూలి బావుల్లాంటి గుంటలు ఏర్పడతాయి. వాలు అడుగున, చిన్న కాలువల మొదట్లో ఇవి ఎక్కువ. పిల్లలకు రంధ్రం కనిపిస్తే చెయ్యి పెట్టాలనిపిస్తుంది. ఇంకా దక్షిణాన డైనోసార్ ప్రావిన్షియల్ పార్కు వైపు అలాంటి పగుళ్ళలో గిలకపాములు, తేళ్ళు కూడా ఉంటాయి. కంటికి కనిపించని చోట చెయ్యీ కాలూ పెట్టకూడదన్న ఒక్క మాట కారు దిగకముందే పిల్లల చేత చెప్పించాలి.

రాతి తల నిలబడితే స్తంభం నిలుస్తుంది

డ్రమ్‌హెల్లర్‌కు ఆగ్నేయంగా పదో నంబరు రోడ్డు మీద పదహారు కిలోమీటర్లు వెళితే హూడూలు కనిపిస్తాయి. మనిషికి మూడు నాలుగింతల ఎత్తున్న మెత్తని మట్టిరాతి స్తంభాలు, ఒక్కో దాని తల మీద వెడల్పాటి బండ. వాన పడ్డప్పుడు ఆ బండ తన కింది మట్టిని తడవకుండా కాస్తుంది. చుట్టూ ఉన్న మట్టంతా కొట్టుకుపోయాక మిగిలేది బండ నీడలో ఉన్న స్తంభమే. బండ పడిపోయిందంటే ఇక ఆ స్తంభానికి ఎంతో కాలం లేదు.

అందుకే వాటి మీదికి ఎక్కడం నిషేధం. వేల ఏళ్ళుగా నిలబడ్డ స్తంభం ఒక్క బూటు తాకిడికి విరుగుతుంది. మెట్లూ, చూసే వేదికలూ కట్టి ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలతో, మోకాళ్ళ నొప్పుల పెద్దలతో వెళ్ళేవాళ్ళకు ఈ చోటు అనువైనది.

———

ఎముకా? రాయా?

లోయలో దొరికే తుప్పు రంగు రాళ్ళలో చాలావరకు ఇనుము కలిసిన మామూలు రాళ్ళే. పగిలిన అంచును దగ్గరగా చూడండి. రాయి లోపల ఒకే తీరుగా ఉంటుంది. ఎముక లోపల స్పాంజిలా సన్నని గుల్లలుంటాయి. ఆ గుల్లల వల్లే తడి తగిలితే ఎముక అంటుకుంటుంది. పాతకాలపు తవ్వకందారులు నాలుకకు ఆనించి చూసేవారు. పిల్లలకు తడి వేలు చాలు.

ఎముకే అనిపిస్తే తీయకండి, కదపకండి. పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి. చుట్టూ ఉన్న గుట్టలు కనిపించేలా ఇంకొకటి తీయండి. ఫోన్‌లో ఆ చోటు గుర్తు దాచి రాయల్ టిరెల్ మ్యూజియంకు పంపండి. 1978 నుంచి అల్బర్టాలో శిలాజాలకు చట్టరక్షణ ఉంది. పార్కుల్లో ఏదీ ఏరకూడదు. అనుమతి పత్రం లేకుండా ఎక్కడా తవ్వకూడదు. పార్కుల బయట భూయజమాని ఒప్పుకుని, నేల మీద పడి ఉన్నదాన్ని ఏరుకున్నా అది ప్రావిన్స్ సొత్తే, మనం కాపలాదారులం మాత్రమే. ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని అల్బర్టా దాటించకూడదు.

ఎందుకింత పట్టింపంటే, ఎముక ఒక్కటే సగం సమాచారం. అది ఏ పొరలో, ఏ ఎముక పక్కన, ఎటు తిరిగి పడి ఉందన్నది మిగతా సగం. మన తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలను ఇలా జాగ్రత్తగా చూశారు కాబట్టే 1988లో కోటసారస్ అనే డైనోసార్ లోకానికి తెలిసింది. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు పిల్లలకు అదీ చూపించండి.

———

ఒంటిగంటన్నరకు నడినెత్తిన సూర్యుడు

మన కుటుంబాల్లో ప్రయాణం ఎలా సాగుతుందో తెలిసిందే. పొద్దున్నే లేచి వండి, డబ్బాలు సర్ది బయలుదేరేసరికి పదవుతుంది. పన్నెండుకు చేరి, భోజనాలు ముగించి, ఎండ తగ్గుముఖం పట్టిందని ఒంటిగంటన్నరకు లోయలోకి దిగుతారు. హైదరాబాద్‌లో అయితే ఆ లెక్క సరిపోయేది. అక్కడ సూర్యుడు పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకే నడినెత్తికి వస్తాడు.

అల్బర్టాలో గడియారం వేరు, సూర్యుడు వేరు. వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. పైగా డ్రమ్‌హెల్లర్ తన టైమ్‌జోన్‌లో పడమటి వైపున ఉంది. ఈ రెండూ కలిసి సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో ఒంటిగంటన్నర దాటుతుంది. అంటే మనం ఎండ తగ్గిందనుకుని దిగే వేళకే ఎండ తారస్థాయిలో ఉంటుంది. నేల వేడెక్కడానికి మరికొంత సమయం పడుతుంది కాబట్టి గాలి బాగా వేడిగా ఉండేది నాలుగు అయిదు గంటలకు. సరిగ్గా ఆ వేళకే మనం పైకి ఎక్కుతుంటాం.

కాన్యన్‌కూ కొండకూ ఉన్న తేడా ఇక్కడే దెబ్బ తీస్తుంది. కొండయితే ఓపిక ఉన్నప్పుడు ఎక్కుతాం, అలిసిపోయాక దిగుతాం. కాన్యన్‌లో తిరగబడుతుంది. దిగేటప్పుడు పిల్లలు గంతులేస్తారు, అలుపు తెలియదు. ఎక్కవలసి వచ్చేసరికి కాళ్ళు లాగుతాయి, నీళ్ళు అయిపోవస్తాయి, పైన ఎండ. దిగడానికి పట్టిన సమయానికి రెండింతలు ఎక్కడానికి పడుతుందని లెక్క వేసుకుంటే మోసం ఉండదు.

జూన్ చివర్లో ఇక్కడ వెలుతురు రాత్రి తొమ్మిదిన్నర దాటేదాకా ఉంటుంది. ఆ వరాన్ని వాడుకోవాలి. ఉదయం తొమ్మిదికి దిగి పదకొండున్నరకల్లా పైకి వచ్చేయడం ఒక పద్ధతి. మధ్యాహ్నమంతా మ్యూజియంలో గడిపి సాయంత్రం ఏడుకు నడకకు బయలుదేరడం ఇంకో పద్ధతి. ఏటవాలు వెలుగులో పొరల రంగులు బాగా తేలతాయి, ఫొటోలకూ అదే మంచిది.

నీడ ఎక్కడుంటుందో కూడా లోయే చెబుతుంది. ఉత్తరం వైపు తిరిగిన వాలు మీద గడ్డీ పొదలూ ఉంటాయి. దక్షిణం వైపు తిరిగినవి బోడిగా ఉంటాయి. ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణపు పక్కనే ఉంటాడు కనక ఉత్తరపు వాలు మీద మంచు నిలిచి మెల్లగా కరుగుతుంది, తడి మిగులుతుంది. పిల్లలను కూర్చోబెట్టి తినిపించాలంటే పచ్చగా ఉన్న వాలు వెతకండి.

చిన్న ఒళ్ళు, ఎక్కువ చర్మం

ముప్పై రెండు డిగ్రీలంటే మనకు లెక్కలో లేని ఎండ. విజయవాడలో నలభై అయిదు చూసినవాళ్ళం. ఈ ధీమా పిల్లల విషయంలో పనికిరాదు, దానికి కారణాలున్నాయి.

పదహారు కిలోల నాలుగేళ్ళ పాపకు బరువులో ఒక్కో కిలోకు ఉన్న చర్మం, డెబ్బై కిలోల తండ్రికి ఉన్నదానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. చర్మం రెండు వైపులా తెరిచిన తలుపు. నీడలో, చల్లగాలిలో ఒంటి వేడిని త్వరగా బయటికి పంపుతుంది, అది మేలే. కానీ సూటి ఎండలో, వేడెక్కిన గోడల మధ్య బయటి వేడిని అంతే త్వరగా లోపలికి తీసుకుంటుంది. పైగా పిల్లల చెమట గ్రంథులు పెద్దవాళ్ళ గ్రంథులంత చెమట పుట్టించలేవు. తండ్రి ఒక్క అడుగు వేసేచోట పాప రెండు వేస్తుంది కాబట్టి బరువును బట్టి చూస్తే నడకలో ఆమె పుట్టించే వేడి ఎక్కువ. ఆమె ముఖం నేలకు దగ్గరగా ఉంటుంది, మిట్టమధ్యాహ్నం బోడినేల మీది గాలిలో అన్నిటికన్నా వేడిది నేలకు దగ్గరగా ఉన్నదే. ఒకే బాట మీద నడుస్తున్నా తండ్రి అనుభవించే ఎండ వేరు, పాప అనుభవించే ఎండ వేరు.

పిల్లలకు ఎండను తట్టుకునే శక్తే ఉండదని ఒకప్పుడు వైద్యులు అనేవారు. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనరు. సరిపడా నీళ్ళు, విరామం ఉంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లలు బాగానే తట్టుకుంటారు. ఆ రెండూ వాళ్ళు అడిగి తీసుకోరు, మనమే ఇవ్వాలి. ఆటలో పడ్డ పిల్లవాడికి దాహం గుర్తుండదు.

మన అంచనా తప్పడానికి మరో కారణం గాలి. కోస్తాలో చొక్కా తడిసి ముద్దవుతుంది కాబట్టి చెమట పోయిందని తెలుస్తుంది. డ్రమ్‌హెల్లర్ గాలి పొడిది. చెమట పట్టీ పట్టకముందే ఆవిరవుతుంది, చర్మం పొడిగానే ఉంటుంది. ఒంట్లో నీళ్ళు మాత్రం తగ్గిపోతూనే ఉంటాయి. కాబట్టి చెమట చూసి కాక గడియారం చూసి తాగించాలి. ఇరవై నిమిషాలకొకసారి ఆగాలి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు ఆగినప్పుడల్లా 100 నుంచి 250 మిల్లీలీటర్లు, చిన్నవాళ్ళకు వాళ్ళు తాగగలిగినన్ని గుక్కలు. ఉప్పు వేసిన మజ్జిగ ఐస్‌బాక్సులో చల్లగా పెట్టుకుంటే అంతకన్నా మంచి పానీయం లేదు. ఆరు నెలలు నిండని పసివాళ్ళకు మాత్రం నీళ్ళు పట్టకండి, తల్లిపాలే ఎక్కువసార్లు ఇవ్వాలి. వాళ్ళకు సన్‌స్క్రీన్ కూడా వద్దు, నీడా పల్చటి నూలు బట్టా చాలు.

గలగలా మాట్లాడుతున్న పిల్లవాడు మాట తగ్గించాడంటే, ఎత్తుకోమని పేచీ పెట్టాడంటే దాన్ని మారాం అని కొట్టిపారేయకండి. ఎండ దెబ్బకు తొలి గుర్తు తరచు అదే. నీడకు తీసుకెళ్ళి, టోపీ తీసి, తలా మెడా తడపండి, నీళ్ళు తాగించండి. మాట తడబడినా, మగతగా వాలిపోయినా ఆలస్యం చేయకుండా 911కు ఫోన్ చేసి, సాయం వచ్చేదాకా ఒళ్ళు తడుపుతూనే ఉండాలి.

పడమటి మేఘం లోయలో కనిపించదు

వేసవి మధ్యాహ్నాల్లో రాకీ పర్వతాల పాదాల దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి ఉరుముల మేఘాలు కడుతుంది. అవి తూర్పుగా సాగి సాయంత్రానికి మైదానం మీదికి వస్తాయి. కాల్గరీ చుట్టుపక్కల వడగళ్ళకు పెట్టింది పేరు. ఆ మేఘం డ్రమ్‌హెల్లర్ మీదికి వచ్చే వేళ, మనం లోయ అడుగున ఉండే వేళ ఒకటయ్యే అవకాశం ఎక్కువ.

మైదానంలో నిలబడితే ఆ మేఘం ఎంతో దూరాన ఉండగానే కనిపిస్తుంది. లోయ అడుగున ఆకాశం ఒక చీలిక మాత్రమే. గాలి చల్లబడ్డాకో, ఉరుము వినిపించాకో తెలుస్తుంది. అప్పటికి బాట తడిసి జారుడయ్యేందుకు కొద్ది నిమిషాలే మిగిలి ఉంటాయి. కాబట్టి దిగే ముందే అంచున నిలబడి పడమటి దిక్కు చూడాలి. గోపురంలా పైకి పెరుగుతున్న తెల్లని మేఘం కనిపిస్తే ఆ రోజుకు దిగడం మానుకోండి. అడుగున ఉండగా వాన పట్టుకుంటే కాలువ మార్గంలో నిలబడకండి. పైన కురిసినదంతా అందులోకే చేరుతుంది.

రాయి మారితే లోయ మారుతుంది

బ్యాన్ఫ్‌లోని జాన్‌స్టన్ కాన్యన్, జాస్పర్‌లోని మలీన్ కాన్యన్ ఇంకో రకం. అక్కడిది సున్నపురాయి. నీళ్ళలో కలిసిన కొద్దిపాటి ఆమ్లం ఆ రాతిని కరిగిస్తుంది, నీళ్ళతో కొట్టుకొచ్చే రాళ్ళు దాన్ని అరగదీస్తాయి. కానీ పక్క గోడలు డ్రమ్‌హెల్లర్ మట్టిలా కూలిపోవు. అందుకే ఆ లోయలు ఇరుకు, నిటారు. మలీన్ కాన్యన్ కొన్నిచోట్ల యాభై మీటర్లకు పైగా లోతు, పైన చూస్తే కొద్ది మీటర్ల వెడల్పే. అక్కడ ఎండ భయం లేదు, చలి భయం. జల్లుకు నునుపుదేలిన అంచుల భయం. కంచె దాటితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

జాన్‌స్టన్‌లో రాతి గోడకు బిగించిన నడకదారి ఉంది. కింది జలపాతానికి ఒక కిలోమీటరు పైచిలుకు, పిల్లలు నడవగలరు. చలికాలంలో గడ్డకట్టిన జలపాతాలు చూడటానికి పసిపిల్లలను వీపున కట్టుకుని వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. మోసేవాళ్ళు నడుస్తున్నారు, వాళ్ళ కండరాలు వేడి పుట్టిస్తాయి, జాకెట్ జిప్పు కూడా తీసేస్తారు. వీపున ఉన్న బిడ్డ కదలకుండా కూర్చుని ఉంటుంది, వేడి పుట్టదు. ఎండలో వేడిని లోపలికి తెచ్చిన ఆ ఎక్కువ చర్మమే ఇక్కడ ఉన్న వేడినీ త్వరగా బయటికి పంపేస్తుంది. తల్లికి ఉక్కపోస్తుంటే బిడ్డ చల్లబడుతుంటుంది. కాబట్టి మన ఒంటిని బట్టి బిడ్డ చలిని అంచనా వేయకూడదు. పావుగంటకొకసారి ఆగి మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగిలితే జలపాతం ఎంత దగ్గర్లో ఉన్నా వెనక్కి తిరగండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు

అయిదేళ్ళ లోపు పిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళు హార్స్‌షూ కాన్యన్ అడుగుతో మొదలుపెట్టవద్దన్నది నా అభిప్రాయం. దాన్ని అంచు నుంచి చూస్తే చాలు. ఉదయాన్నే రాయల్ టిరెల్ మ్యూజియం పక్కనున్న బ్యాడ్‌ల్యాండ్స్ ఇంటర్‌ప్రెటివ్ ట్రైల్ మీద నడవండి. ఒకటిన్నర కిలోమీటరు లోపే, మట్టి, పొరలు, గుల్ల పెళ్ళలు అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఎండ ముదిరేసరికి మ్యూజియం లోపలికి వెళ్ళిపోవచ్చు. సాయంత్రం హూడూలు చూసుకుని తిరిగి రావచ్చు. పిల్లలు ఏడెనిమిదేళ్ళవాళ్ళయి, తమ సీసా తాము మోసుకోగలిగినప్పుడు పొడి వాతావరణంలో ఒక ఉదయం పూట లోయ అడుగుకు తీసుకెళ్ళండి. ఎముకలు ఎక్కడికీ పోవు, ఏటా కొత్తవి బయటికి వస్తూనే ఉంటాయి.